తాబేళ్లు పడుకునే గుహ

పందొమ్మిది తాబేళ్లు, వాటి మధ్య ఈదిన ఆరేళ్ల ఉదయాలు, తెలుగు వినబడితే ఆగి పలకరించే అలవాటు. నేను పోగొట్టుకున్నవి ఇవి.

హవాయిలో నేనుండే చిన్న దీవికి వెళ్లే విమానం కోసం కూర్చున్నాను. పక్క సీట్లో ఒకతను ఫోన్‌లో వాళ్లమ్మతో తెలుగులో మాట్లాడుతున్నాడు. నెలల తర్వాత చెవినపడ్డ తెలుగు. ఆగలేక నేనే పలకరించాను.

"ఎడిసన్ నుంచి అంకుల్, డైవింగ్‌కి వచ్చాను. మీరిక్కడ ఏం చేస్తుంటారు?"

"రోజూ నీళ్లలో దిగి తాబేళ్లను లెక్కపెడుతుంటాను."

"దానికి కూడా హెచ్‌వన్ వీసా ఇస్తారా అంకుల్?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో, అవి పడుకునే గుహ ఎక్కడుందో చెప్పేశాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా మొహంలో కంగారు చూసి, అతను నా చేతిలో చెయ్యి వేశాడు.

"ఒట్టు అంకుల్. ఎవరికీ చెప్పను."

మూడు వారాలకు ఒక పడవ నిండా మనవాళ్లే వచ్చి, లైట్లు పట్టుకుని గుహలోకి దిగారు.

"వీడియో చూసి వచ్చామండీ," అని ఒకావిడ ఫోన్ చూపించింది. దారి చెబుతున్న గొంతు అతనిదే.

తాబేళ్లు గుహ వదిలేశాయి. ఇప్పటికీ రోజూ దిగి, డిప్పల మీది మచ్చలు పోల్చుకుంటున్నాను. ఐదు తిరిగొచ్చాయి. ఇంకా పద్నాలుగు రావాలి.