ఆకు కింద వేలిముద్ర

మా ఆయన చందూలాల్‌కు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఆకు అచ్చు తీస్తే, ఆ ఆకు ఎవరిదో వాళ్ల వేలిముద్ర కూడా కాగితం అడుగున పడాలి. తేదీ, ఊరు, చేను, పేరు రాసుకుని అప్పుడుగానీ అక్కణ్ణించి లేచేవాడు కాదు.

టేకులపల్లి వైపు ఒక బడిలో డ్రాయింగు మాస్టరు. సెలవొస్తే సంచిలో సిరా డబ్బా, కాగితాలు వేసుకుని టీవీఎస్ బండెక్కేవాడు. ఆకుకు సిరా పూసి, మీద కాగితం పరిచి, గరిటె వీపుతో రుద్దితే ఈనెలన్నీ దిగేవి. మా ఇంట్లో పప్పు గరిటె నల్లగా ఉండేది. మాఘంలో మోదుగ, ఎండల్లో తునికి, వానల్లో జొన్న, చలికి కంది. జొన్నాకులో ఏం అందముందని అడిగితే, ఉందనేవాడు. ఎక్కడుందో చెప్పేవాడు కాదు.

వేలిముద్ర వేసి బాగుపడ్డవాళ్లు మా వైపు లేరు. అందుకని ఆయన బండి చప్పుడు వింటే గూడేల్లో మనుషులు చేతులు తువ్వాళ్లలో దాచుకునేవాళ్లు. కారేపల్లిలో చుట్టాల పెళ్లికి పోతే, పందిట్లో మామిడాకు తెంపి పెళ్లికొడుకు తండ్రి బొటనవేలు పట్టుకున్నాడు. ఏ కాగితం మీద ఏం ఒప్పుకున్నాడో తెలియక ఆ పెద్దమనిషి భోజనమే మానేశాడు.

నన్నూ వదల్లేదు. పెరట్లో కరివేపాకు అచ్చు తీసి చెయ్యి చాపమన్నాడు.

"ఇల్లు నీది, పెరడు నీది. నా వేలెందుకయ్యా?"

"చెట్టు పెట్టింది నువ్వు, నీళ్లు పోసింది నువ్వు. నాదెట్ల అయితది?"

హైదరాబాదులో ఎవరో ప్రదర్శన పెడతామని, అడుగునున్న వేలిముద్రలు కత్తిరించేసి అచ్చులు ఇమ్మన్నారు. అన్నీ చుట్టగా చుట్టి రాత్రి బస్సుకే తిరిగొచ్చాడు.

2007 వానల్లో జ్వరం తలకెక్కింది. దవాఖానాలో డాక్టరు ఆయన నల్లటి గోళ్లు చూసి గాభరాగా నర్సును కేకేశాడు. "సిరా సార్" అన్నాను. డాక్టరు కాస్త నిమ్మళించాడు. ఆరో రోజు ఆయన పోయాడు. గోళ్లు అట్లాగే ఉన్నాయి.

మిగిలినవి నాలుగు ట్రంకుపెట్టెల కాగితాలు. చెదలు పట్టకముందే తగలబెట్టాలనుకుంటూ ఏడాది గడిపాను.

2008 చలికాలంలో పినపాక దగ్గరి గూడెం నుంచి జంపక్క వచ్చింది. అడవిలో ఆమె దున్నుకునే రెండెకరాలకు కొత్త చట్టం కింద పట్టా రావాలంటే, 2005 డిసెంబరుకు ముందునుంచే సాగులో ఉన్నట్టు రుజువు చూపించాలట. లేకపోతే చేను పోతుంది. అప్పటికే ఫారెస్టువాళ్లు చేను నడుమ కందకం తవ్వడానికి సున్నంతో గీత గీశారు. సాక్ష్యం చెప్పాల్సిన భర్త సీతయ్య, పక్క చేను ముసలాయన ఇద్దరూ మట్టిలో కలిసిపోయారు.

"సారు నా ఏలు ఒత్తిచ్చుకున్నడు గదమ్మా. ఆ కాయితం ఉన్నదా?"

మూడో పెట్టెలో దొరికింది. 2003 సెప్టెంబరు. నిండా చిల్లులు పడ్డ జొన్నాకు. ఇంత వికారమైన ఆకు ఎందుకు ఏరుకున్నాడో అని విసుక్కున్నాను. గట్టు మీది మోదుగాకు తీసుకోమని తానే అన్నదట జంపక్క. ఆయన వినలేదట.

"అడవాకు ఎవలదైనా అయితదంట. జొన్నాకు దున్నినోళ్లదేనంట. ఏ కాయితం లేనోళ్లకు ఇదన్న ఉండాలె అన్నడు."

ఈ మాట నాతో ఒక్కసారి చెప్పి ఉంటే, గరిటె కోసం అన్ని తిట్లు తిట్టేదాన్ని కాదు.

గ్రామసభలో, విచారణకు వచ్చిన అధికారి ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టాడు. తేదీ చదివాడు. తెల్లకాగితం మీద జంపక్క వేలు ఒత్తించి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత చిల్లులు చూపించి, ఇక్కడ సిరా సరిగా పడలేదేమని అడిగాడు.

"పురుగు తిన్నది సారూ" అంది జంపక్క. "ఆ యేడు దున్నింది మేము. తిన్నది అదే."

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. అధికారి నవ్వకూడదని చూశాడు, కుదరలేదు. తల వంచుకుని, 2003 నాటికే సాగులో ఉన్నట్టు రాశాడు.