అవ్వ పోసిన ఒడిబియ్యం

మొన్న హైదరాబాద్ నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది. మాలాంటి హిజ్రాయే, ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. రంగుల జెండాలు పట్టుకుని, డప్పులు కొట్టుకుంటూ రోడ్డు మీద నడుస్తారట, దాన్ని ప్రైడ్ అంటారట, నన్నూ రమ్మంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "పాపం, మీ కాలంల గిసొంటియి లేకుండె గదమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు లేవు? మాకూ ఒక రోజుండేది. వేములవాడలో, శ్రీరామనవమి నాడు.

గుళ్ళో సీతారాముల కల్యాణం జరుగుతుంటే బయట మేం శివుణ్ణి పెండ్లాడేవాళ్ళం. నెత్తిన జీలకర్ర బెల్లం, చేతిలో త్రిశూలం, ఒకరి మీద ఒకరం తలంబ్రాలు. శివపార్వతులనేవాళ్ళు మమ్మల్ని. ఏడాదంతా నోటికొచ్చిన పేరుతో పిలిచే జనం ఆ పూట పక్కకు జరిగి దారిచ్చేవాళ్ళు, కొందరు కాళ్ళు కూడా మొక్కేవాళ్ళు. పట్టపగలు, అంత మందిలో, చీర కట్టుకుని తలెత్తుకు నిలబడటం! ఎంత హాయిగా ఉండేదో. ఊపిరి కడుపు దాకా వెళ్ళేది ఆ ఒక్క రోజే.

మాది సిరిసిల్ల. బాపు మరమగ్గం నడిపేవాడు, అవ్వ, అంటే మా అమ్మ, నూలు కండెలు చుట్టేది. నేను అవ్వ చీర కట్టుకుని దొరికిపోయిన రోజు బాపు నన్ను వాకిట్లోకి నెట్టి తలుపేసుకున్నాడు. లోపల అవ్వ ఏడుస్తూనే ఉంది కానీ తలుపు తీయలేదు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఆదిలాబాద్ చేరి, మాలాంటివాళ్ళను చేరదీసే మా గురువమ్మ ఇంట్లో పడ్డాను. రెండేళ్ళకు బాపు పోయాడట. నాకు తెలిసేసరికి నెల దాటింది.

ఇదంతా ఎనభైల నాటి మాట. వేములవాడ నుంచి మా ఇల్లు బస్సులో అరగంట. ఏటా వచ్చేదాన్ని, ఒక్కసారీ ఇంటికి పోలేదు. సిరిసిల్ల బస్సు కనబడితే కొంగు ముఖం మీదికి లాక్కునేదాన్ని. ఒక ఏడు మా వాడ ఆమె నన్ను చూడనే చూసింది, సరిగ్గా తలంబ్రాలు పోసుకునేటప్పుడు. అయిపోయింది, పోయి అవ్వకు చెబుతుంది, అవ్వ నా ముఖం మళ్ళీ చూడదు అనుకున్నాను. ఏడాది పొడుగునా అదే ఫికర్. పై ఏడు రానని మొండికేస్తే గురువమ్మ తిట్లు లంకించుకుని బస్సెక్కించింది.

ఆ రోజు తలంబ్రాలయ్యాక నెత్తిన బియ్యం దులుపుకుంటుంటే ఎదురుగా అవ్వ. బొట్టు లేని ముఖం, చంకలో మూట. కొంగు ముఖం మీదికి లాక్కోబోయాను.

"ఏమే, పెండ్లి చేసుకున్నవట?"

ఏమే అంది! పద్దెనిమిదేళ్ళు నన్ను 'ఏం రా' అని పిలిచిన నోరది.

"అవ్వకు ఒక్క మాట చెప్పద్దా? వాడకట్టోళ్ళు చెప్తె తెల్వాల్నా?"

"అది... ఏడాదికోసారి అయితది అవ్వా."

"ఏడాదికోసారా! గదేం పెండ్లి?" అంటూనే కింద కూలబడి మూట విప్పింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, ఒక రవిక గుడ్డ. ఒడిబియ్యం! పెండ్లయిన ఆడబిడ్డకు తల్లిగారు పోసే ఒడిబియ్యం. మావాళ్ళంతా చుట్టూ మూగారు. వాళ్ళలో ఒక్కదాని ఒడిలోనూ ఎవరూ పిడికెడు పోసి ఎరగరు.

నేను కొంగు పట్టాను. అవ్వ మాత్రం వెనక్కి జరిగింది.

"నేను పొయ్యద్దు బిడ్డా. మీ బాపు లేకపాయె. ఎవలన్న ముత్తైదువను పిలువు."

మా గురువమ్మ పకపకా నవ్వింది. "మా మొగుడు శివుడమ్మా, సావనోడు. మేమందరం ముత్తైదువలమే. తే, నేను పోస్త."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎవ్వరద్దు. నువ్వే పొయ్యాలె. నిన్ను పొయ్యద్దన్నోళ్ళే గదా నన్ను ఇంట్ల ఉండద్దన్నది? వాళ్ళ మాట ఇంకెన్ని దినాలు ఇందాం? నువ్వు పొయ్యకుంటె నాకద్దు."

అవ్వ మళ్ళీ ముందుకు జరిగింది. రెండు చేతులా బియ్యం తీసింది. కొన్ని గింజలు నేల మీద పడ్డాయి. ఐదుసార్లు పోసింది. కొంగు బరువెక్కింది. నాకేమో గుండె మీది బండ దిగిపోయింది.

"గట్టిగ పట్టుకోయే, కారుతయి" అని కసురుకుంది.

ఆదిలాబాద్‌లో ఆ బియ్యం వండితే ఇంటిల్లిపాదీ తిన్నాం.

ఫోన్‌లో పిల్లకు ఇదంతా చెప్పలేదు. వస్తానన్నాను. "మీ అవ్వను గూడ తోల్కరా" అన్నాను.

"రాదమ్మా. మాట్లాడక మూడేండ్లాయె" అంది చిన్నగా.

"అట్లనా? అయితె చీరె కట్టుకొని రా. జర పెద్ద కొంగు ఉంచుకో. బియ్యం నేను తెస్త."