బుల్లి మేస్త్రి హనీమూన్ నెలలు

బుల్లి మేస్త్రి సాధించిన మొదటి విజయం ఓడ ఇంజన్ డ్రైవర్ పరీక్ష. రెండుసార్లు తప్పినా పట్టు విడవక మూడోసారి గట్టెక్కింది. రేవు పక్క షెడ్డులో తండ్రి దగ్గరే పానా పట్టడం నేర్చిన పిల్ల. అందరూ చేతులెత్తేసిన పాత డీజిల్ ఇంజన్ను ఒంటిచేత్తో విప్పి, బిగించి, కూత పెట్టించింది. జోరువానలో నీళ్ల మీదే లాంచీ గేరుపెట్టె మార్చింది. ఈ ఘనకార్యాలన్నీ తండ్రి పెద్దమేస్త్రి వచ్చినవాడికల్లా చెప్పేవాడు. విననివాణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ చెప్పేవాడు.

అలాంటి పిల్ల ఎండలు ముదిరేసరికి చిక్కి సగమైంది. కడవల కొద్దీ తాగినా దాహం తీరేది కాదు. ఒకరోజు షెడ్డులోనే కుప్పకూలితే, ఆసుపత్రిలో టైప్ వన్ షుగర్ అన్నారు. ఇక బతికినన్నాళ్లూ ఇన్సులిన్ సూదే.

కొన్నాళ్లకు వింత జరిగింది. మందు మోతాదు సగానికి, ఆపైన పావుకు దిగింది.

"దీన్ని హనీమూన్ దశ అంటారు" అంది డాక్టరమ్మ.

"పెళ్లి కాకుండానే హనీమూనా!" తల్లి బుగ్గలు నొక్కుకుంది.

"లోపల ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో మిగిలినవి కొన్నాళ్లు పనిచేస్తాయమ్మా. ఒక్కోసారి చెప్పాపెట్టకుండా ఎక్కువ చేస్తాయి, షుగర్ పడిపోతుంది. తర్వాత అవీ మానేస్తాయి. సూది మాత్రం ఆపకూడదు."

పెద్దమేస్త్రి చెవికెక్కింది సగమే. "కొత్త పిస్టన్ రింగులేసిన ఇంజన్ మొదట్లో ఆయిల్ తాగుద్ది. రింగులు కూర్చున్నాక తగ్గిపోద్ది. మా అమ్మాయికి రింగులు కూర్చున్నాయి" అని రేవంతా చాటాడు.

ఆ నోటితోనే రేవుకొచ్చిన సరుకుల ఓడ చీఫ్ ఇంజనీరుకూ చెప్పేశాడు. ఆ ఓడ ఇంజన్ గదిలో ఉద్యోగం కోసమే ఆమె అన్నిసార్లు పరీక్ష రాసింది. ఇప్పుడు చీఫ్ ఎదుట ఇంజన్ నడిపి చూపిస్తే చాలు. ఇంజన్ గది నిచ్చెన దిగబోతుండగా తండ్రి చేసిన పని బయటపడింది.

"సార్‌కి జబ్బు పోయిందని చెప్పా."

"సూది వేసుకుంటున్నాగా నాన్నా!"

"పావు మోతాదు కూడా ఒక సూదేనా? నోరు మూసుకుని దిగు."

కింద ఇంజన్ అందుకుంది. లోడ్ ఎక్కింది. గేజీ ముల్లు నిలకడగా నిలబడింది. ఆ గదిలో చెమట మామూలే కానీ, ఇప్పుడు ఆమె మెడ మీద పడుతున్నది చల్లటి చెమట. పెదవులు తిమ్మిరెక్కాయి. థ్రాటిల్ మీద వేళ్లు వణికాయి. ముల్లు ఒకటి రెండుగా కనబడింది.

"భయపడకు తల్లీ, గట్టిగా పట్టు!" నిచ్చెన మీంచి తండ్రి కేక.

భయం కాదని ఆమెకు తెలుసు. చెబితే ఉద్యోగం నీళ్లపాలు. చెప్పకపోతే గిర్రున తిరుగుతున్న షాఫ్టు పక్కనే పడిపోవాలి.

"సార్... నాకు షుగర్ పడిపోతోంది. మీరు పట్టుకోండి."

చీఫ్ ఒక్క అంగలో వచ్చి థ్రాటిల్ అందుకున్నాడు. ఆమె ఇనుప మెట్టు మీద కూలబడి, జేబులోని పంచదార పొట్లం నోట్లో ఒంపుకుంది. తండ్రి గబగబా దిగి వచ్చాడు.

"చూశావా! ఆ సూది వల్లే ఇదంతా! మానెయ్యమంటే విన్నావా?"

"ఆయిల్ ఎక్కువైందని మొత్తం ఒంపేసి ఇంజన్ నడుపుతావా నాన్నా?"

చీఫ్ పెద్దమేస్త్రి వైపు తిరిగాడు.

"జబ్బు పోయిందన్నారే?"

"పోలేదు సార్. పోదు కూడా. కొన్నాళ్లు దోబూచులాడుతుంది, అంతే" అంది ఆమె.

ఆమె వేలు గుచ్చి మీటర్ చూసుకుంది. కాసేపాగి మళ్లీ చూసుకుంది. అంకె పైకొచ్చి, వణుకు పూర్తిగా తగ్గేదాకా చీఫే ఇంజన్ నడిపాడు.

"లే. మళ్లీ పట్టు."

ఆయన చాలన్నదాకా ఆమె ముల్లు కదలనివ్వలేదు.

"పడ్డాక చెప్పినవాళ్లు మా ఓడలో చాలామంది" అన్నాడు చీఫ్, చేతులు తుడుచుకుంటూ. "పడకముందే చెప్పింది నువ్వొక్కదానివే. అయినా ఊరికే ఎక్కించుకోను. డాక్టరమ్మ సరేనని కాగితం రాయాలి. ముందు తీరం వెంట ఒక్క చిన్న ప్రయాణం. గదిలో ఒంటరిగా ఉండటానికి లేదు."

డాక్టరమ్మ గొణిగింది, మోతాదు ఇంకాస్త తగ్గించింది, కాగితం రాసింది. ఓడ నిన్న కదిలింది. మందు సగం బుల్లి మేస్త్రి సంచిలో, సగం చీఫ్ గది ఫ్రిజ్‌లో. పెద్దమేస్త్రి చాటింపు మానలేదు గానీ మాట మార్చాడు: "మా అమ్మాయి సూది వేసుకుంటూనే ఓడెక్కింది." ఓడ తిరిగి రేవుకు చేరేది అక్టోబరు పద్నాలుగో తేదీన.