సున్నమైపోయిన తామరపూలు

ఇప్పటికీ తడి సున్నం వాసన తగిలితే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న పక్కింటివాళ్ళు ప్రహరీకి వెల్ల వేయించడానికి డ్రమ్ములో సున్నం నానేశారు. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే, యాభై దాటిన నేను మళ్ళీ ఎనిమిదేళ్ళ పిల్లనై మా ఊరి దిబ్బ ముందు నిలబడ్డాను.

మా ఊరు గుంటూరుకి పడమరగా, నల్లరేగడి నేలల్లో ఉంటుంది. ఒకవైపు పత్తి, ఇంకోవైపు మిరప, మా పెదనాన్న పొలం చివర ఆ దిబ్బ. కార్తీకంలో పత్తికాయలు పగిలి చేలు తెల్లబడినప్పుడూ, మాఘంలో పండుమిరప ఎండబోసి ఊరంతా తుమ్ములతో నిండిపోయినప్పుడూ, బడి వదలగానే మేం ఒళ్ళో రేగుపళ్ళు మూటగట్టుకుని దాని మీదికే పరిగెత్తేవాళ్ళం. తంగేడు పొదల మధ్య, సగం మట్టిలో కూరుకుపోయిన లేత ఆకుపచ్చ పలకరాళ్ళు ఉండేవి. ఒకదాని మీద వరసలు వరసలుగా తామరపూలు, ఒకదాని మీద మోకాళ్ళు వంచిన ఏనుగు, ఇంకోదాని మీద నెత్తిన బుట్ట పెట్టుకున్న ఆడమనిషి. ఎండాకాలంలోనూ చల్లగా ఉండే ఆ తామరల మీద చెంప ఆనించి పడుకునేదాన్ని. చదునుగా ఉన్న రాళ్ళ మీద బొగ్గుతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం.

పెదనాన్నకూ మా నాన్నకూ తల్లి, మా నాయనమ్మ. చేలోంచి ఇంటికొస్తూ రోజూ దిబ్బ దగ్గర ఆగి, ఆ రాతిమనిషి మొహం మీది దుమ్ము చెంగుతో తుడిచేది.

"ఇవెవరు చెక్కారు నాయనమ్మా?"

"ఎవరైతేనేం, బుద్ధుడి కాలంనాటివంట. మన తాతలకి తాతలు పుట్టకముందు నించీ ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని ఎక్కండే."

ఆ ఏడాది పెదనాన్న ఆగ్రా వెళ్ళొచ్చాడు. పాలరాతి తాజ్‌మహల్ బొమ్మ తెచ్చి, అద్దాల పెట్టెలో పెట్టి, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. "మనిషై పుట్టినందుకు ఒక్కసారన్నా చూడాలి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. అదే మనిషి, నెల తిరక్కుండానే, మిరపకాయలు ఎండబోసే కళ్ళానికి చోటు చాలడంలేదని, దిబ్బ చదును చేయడానికి కూలీలను పిలిచాడు.

కబురు తెలిసి నాయనమ్మ అన్నం ముందునుంచి ఎంగిలిచేత్తోనే లేచి వెళ్ళి రాళ్ళకు అడ్డం నిలబడింది. నేను వెనకే పరిగెత్తాను.

"ఒరేయ్, కళ్ళం నా చేలో వేసుకో. దీని జోలికి రాకు."

"అమ్మా, నలుగురిలో పరువు తియ్యకు. పనికిరాని రాళ్ళకి ఇంత గోలా?"

"అంత దూరం పోయి చూసి ఏడ్చొచ్చావే, అవి రాళ్ళు కావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెదనాన్న మొహం జేవురించింది. ఇద్దరు ఆడకూలీల చేత తల్లిని పక్కకు పట్టించి, సమ్మెట తనే అందుకున్నాడు. మొదటి దెబ్బ తామరపూల మీద పడింది. ఊరి పెద్దలు చూస్తూ నిలబడ్డారు. చరిత్ర పాఠం చెప్పే మా పంతులుగారు చూస్తూ నిలబడ్డారు. మా నాన్నా అంతే.

ముక్కల్ని బళ్ళకెత్తి సున్నపు బట్టీకి తోలారు. ఆ సున్నంతోనే ఉగాదికి మా ఇంటికి వెల్ల వేశారు. పైగా, "రాయి మంచిది, గోడలు ఎంత తెల్లగా వచ్చాయో!" అని మెచ్చుకున్నారు. ఇల్లంతా బొబ్బట్ల వాసన ఘుమఘుమలాడుతుంటే, నాయనమ్మ పస్తుండి తన గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కుంచెను లోపలికి రానివ్వలేదు. ఆమె పోయేదాకా ఆ గది పొగచూరిన గోడలతోనే ఉంది.

పెదనాన్న చిన్నకొడుకు ఇదంతా జరిగాక పుట్టినవాడు. ఈ వేసవిలో కంబోడియా వెళ్ళొచ్చి, ఊళ్ళో అందరం కలిసినప్పుడు ఫోటోలన్నీ టీవీలో వేసి చూపించాడు. చెట్టువేళ్ళు చుట్టేసిన గుళ్ళు, నిలువెత్తు రాతి మొహాలు.

"ఎంత భద్రంగా దాచుకున్నారో చూడక్కా! మన ఊళ్ళో ఏముంది చూడ్డానికి, మిరపకాయలు తప్ప?"

వాలుకుర్చీలో ఉన్న పెదనాన్న తలూపాడు. ఆ తలూపడం నాకు నిలువునా మంట పెట్టింది.

"ఉండేది. ఏమైందో మీ నాన్ననే అడుగు" అన్నాను. వాడు అటు తిరిగేలోపే నేనే మొదట్నించీ చివరిదాకా చెప్పాను.

పెదనాన్న కుర్చీలో ముందుకు వంగాడు. "ఆ రోజుల్లో వాటి విలువ ఎవరికి తెలుసమ్మా?"

"నాయనమ్మకి తెలుసు పెదనాన్నా. అందరి ముందూ నీకు చెప్పింది."

తమ్ముడు టీవీ కట్టేసి, "ఒక్క ఫోటో అన్నా లేదా అక్కా?" అన్నాడు.

లేదు. మా ఇంట్లో పెళ్ళిళ్ళ ఫోటోలున్నాయి, ఒంగోలు ఎడ్ల పక్కన మీసం మెలేసి పెదనాన్న తీయించుకున్న ఫోటో ఉంది. రెండువేల ఏళ్ళు మా పొలంలో నిలిచినదానికి మాత్రం ఒక్కటీ లేదు. నాతోపాటు ఆడుకున్నవాళ్ళని అడిగి చూశాను. అక్కడ ఎన్ని రాళ్ళుండేవో కూడా ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పడంలేదు. మేమూ పోయాక, అసలక్కడ ఏ దిబ్బా లేదనే అంటారు.