రన్ అంటే నడపడం

మా నాయనకు పత్తికొండ టమోటా మార్కెట్ పక్కన చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. నేను తెలుగు మీడియంలో చదివి, డిగ్రీకి కర్నూలు వచ్చాను. మొదటి వారంలోనే ఇంగ్లీషు లెక్చరర్ నన్ను లేపి, మీ నాన్న ఏం చేస్తాడో ఇంగ్లీషులో చెప్పమన్నాడు. తెలుగులో హోటల్‌ను నడుపుతాం కదా, నడవడమంటే వాక్ అనుకుని, "మై ఫాదర్ వాక్స్ ఎ హోటల్" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. లెక్చరర్ నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాడు. సరైన మాట రన్ అని మాత్రం చెప్పలేదు. దాన్ని నేనే డిక్షనరీలో వెతుక్కున్నాను. కుక్కను తాడు పట్టి తిప్పడాన్ని వాక్ అంటారని కూడా అందులోనే చూశాను.

అంతటితో పోతే మరిచిపోయేదాన్నేమో. తర్వాతొకసారి నాయన నన్ను చూడడానికి కాలేజీకి వచ్చాడు. వరండాలో ఎదురైన లెక్చరర్‌కు దండం పెట్టాడు.

"ఏమప్పా, హోటల్‌ను యాడ కట్టేసి వస్తివి?" అన్నాడా లెక్చరర్.

చుట్టూ పిల్లలు నవ్వారు. నాయనకు అర్థం కాలేదు. పెద్దసారు సరదాగా పలకరించాడనుకుని తనూ నవ్వాడు. ఆ నవ్వు చూశాక, ఈ లెక్చరర్‌ను వదలకూడదనుకున్నాను.

రన్‌తోనే మొదలుపెట్టాను. ముక్కు కారినా రన్, బట్ట రంగు దిగినా రన్, బియ్యం నిండుకున్నా రన్. ఎన్నికల్లో మనవాళ్ళు నిలబడితే అమెరికావాళ్ళు పరిగెత్తుతారు. ఒక్కో అర్థం ఆయన ముఖం తలుచుకుంటూ నేర్చుకున్నాను. ఎమ్మే చేశాను. ఆయన రిటైరై స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ పెట్టాడని విని, సరిగ్గా దాని ఎదురు మేడ మీద నా బోర్డు కట్టించాను. కర్నూల్లో వేరే వీధులు లేక కాదు.

పల్లె పిల్లలకు తెలుగులోనే విడమరిచి చెప్పేదాన్ని. ఒకరి తప్పుకు ఇంకొకరు నవ్వితే బయటికి పంపేదాన్ని. చూస్తుండగానే ఆయన బెంచీలు ఖాళీ అయ్యాయి.

ఒక సాయంత్రం ఆయనే మెట్లెక్కి వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఇద్దరం కలిసి నడుపుదాం మేడం. నాకు శానా కష్టంగా ఉండాది."

"ముందు ఒక క్లాసు చెప్పి చూపించండి సార్, రన్ మీద."

నా పిల్లల ముందు చెప్పించాను. చెమటలు కక్కుతూ చెప్పాడు. బాగానే చెప్పాడు. అయ్యాక అందరూ వింటుండగా, మా నాయనను ఆ రోజు ఆయన ఏమన్నాడో చెప్పాను.

ఆయన చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు. "నాకు గుర్తు లేదమ్మా."

"నాకుండాది సార్" అని తలుపు చూపించాను.

ఆ సంగతి ఫోన్‌లో చెబితే నాయన మెచ్చుకుంటాడనుకున్నాను. "పెద్దాయన్ను పిల్లోళ్ళ ముందర అట్ల నిలబెడ్తారా పాపా?" అన్నాడు. నాయన మీద కూడా కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను.

కొన్నాళ్ళకు ఆయన సెంటర్ మూతపడింది. ఆ గదిని కూడా నేనే అద్దెకు తీసుకున్నాను.