ఓడినాయన ఇంటి స్టాపు

నేను చీమ గురించి చెబితే ఏనుగు నడిచినట్టుంటుంది, ముందే ఒప్పుకుంటున్నాను.

పొలాల్లో వరికన్నా సాఫ్ట్‌వేర్ వాళ్ల ప్లాట్ల బోర్డులే ఏపుగా పెరుగుతున్న రోజులు. ఎన్నికల ఫలితాల మర్నాడు, చేవెళ్ల నుంచి పట్నం వెళ్లే బస్సులో నా పక్కాయన ఒడిలో బంతిపూల దండ ఉంది. విప్పితే గండిపేట చెరువును చుట్టేస్తుంది. బస్సంతా పసుపు వెలుగులో తేలుతోంది.

"అన్నా, దండ ఎవరికి?" అన్నాను.

"గెలిచినాయనకు. మొయినాబాద్‌ల ఉంటడు. ఇన్నేండ్లు ముడిమ్యాలకు పోయి ఓడినాయనకే ఏసిన, 'నువ్వే మా దేవుడివి' అనుకుంట. ఇయ్యాల ఆయన గేటు కాడ కుక్క సుత లేదట."

ముడిమ్యాల వచ్చింది. ఆయన దండ మీద తువ్వాలు కప్పి, కాసేపు తటపటాయించి, దిగిపోయాడు.

దండ పొడవు నిజమే. దిగడం ఒక్కటే నా కల్పన. ఆయన కళ్లు మూసుకొని మొయినాబాద్ దాకా వచ్చాడు. ఇప్పటికీ ఆ దారిన వెళ్లినప్పుడల్లా ముడిమ్యాలలో ఆయన్ని నేనే దింపుతుంటాను.