సాలమ్మ గడియారం

కొమురయ్య చేతి గడియారం రాతి గచ్చు మీద పడి ఆగిపోయిన పొద్దున, అతని భార్య దుర్గమ్మకు కడుపు చల్లబడినట్టయింది. ఆ చల్లదనం ముఖంలోకి రాకుండా వంగి పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

మిర్యాలగూడ బియ్యం మిల్లులో కొమురయ్యది కూత వేసే పని. అతను గడియారం చూసి గొలుసు లాగితే మిల్లు కూసేది. ఆ కూత విన్నాకే ఆడవాళ్ళు వడ్లు ఎండబోసే కళ్ళానికి కదిలేవాళ్ళు. గడియారం ఉన్నవాడికే ఆ పని ఇస్తామన్నప్పుడు, అతని మొదటి పెళ్ళాం సాలమ్మ తన వెండి కడియాలు అమ్మి, సూర్యాపేట దాకా పోయి దాన్ని కొనుక్కొచ్చింది. ఆ మరుసటేడు జ్వరంతో పోయింది. ఆ తర్వాత వచ్చింది దుర్గమ్మ.

రెండో పెళ్ళాంగా వచ్చిన ఆడదాని మెడలో పుస్తెలతో పాటు సవతి బిళ్ళ ఉంటుంది. వేలిగోరంత వెండి రేకు, దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. ఇంట్లోకి కొత్త చీర వచ్చినా, కొత్త చేట వచ్చినా ముందు ఆ బిళ్ళకు తాకించి, పసుపు కుంకుమ పెట్టి, "ముందు నీది, ఆ తర్వాతనే నాది" అనాలి. అనకపోతే పోయినామె అలుగుతుంది. అన్నీ అలాగే చేసేది దుర్గమ్మ. బిళ్ళ మీద ఆమెకు కోపం లేదు. అది తన మెడలో, తన ఊపిరికి లేస్తూ దిగుతూ, చెప్పినమాట వినే చెల్లెలిలా పడి ఉండేది.

కోపమంతా గడియారం మీదే. రోజూ పొద్దున్నే కొమురయ్య గడప మీద కూర్చుని దానికి చావి ఇచ్చేవాడు. రెండు వేళ్ళతో గుండీ పట్టుకుని మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. అప్పుడతని ముఖంలోకి ఎక్కడి నుంచో ఒక వెలుతురు వచ్చేది, చెలిమ అడుగున నీరు ఊరినట్టు. ఆ వెలుతురు తనవైపు తిరిగిన రోజు దుర్గమ్మకు గుర్తులేదు. సాలమ్మ పొయ్యి ఖాళీ చేసింది, మంచం ఖాళీ చేసింది. ఆ మణికట్టు మాత్రం ఇంకా విడవలేదు.

అది రజాకార్ల గొడవ సద్దుమణిగి బస్సులు మళ్ళీ తిరుగుతున్న ఏడాది. కోదాడలో అన్నకు పుట్టిన బిడ్డ పురుడుకు దుర్గమ్మ బయల్దేరుతోంది. కొమురయ్య గడియారాన్ని రుమాలులో మూటగట్టి ఆమె చేతికిచ్చాడు. అద్దం పగిలింది, పెద్ద ముల్లు వంగింది.

"సూర్యాపేటల బస్సు మారుతవు గదా. ఖాజా మియాకు సూపియ్యి. అయితదంటే ఇచ్చిరా. కాదంటే ఇగ మిల్లు సేటునే హైద్రాబాదు నుంచి కొత్తది తెమ్మంట."

"కొత్తదే తెమ్మనరాదు? ముసలిదానికి మందు పోసుడెందుకు?"

"ముసలిదేంది? నీకంటె జరంత ముందొచ్చింది, గంతే."

అతను నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు సూర్యాపేట దాకా ఆమె పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది.

ఖాజా మియా కంటికి అద్దం బిగించుకుని గడియారం వీపు విప్పాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"ఇది కొమురయ్యది గదా. దీన్ని నా దగ్గర్నే కొన్నరు. ఆ కొన్నామె పొద్దంత గీ మెట్టు మీదనే కూసుంది. బేరం ఆడి ఆడి నా నోరు ఎండబెట్టింది." తలెత్తి, దుర్గమ్మ మెడలో బిళ్ళను చూసి గొంతు తగ్గించాడు. "సన్న ఇరుసు ఇరిగింది, బిడ్డా. అయితది. బాగ అయితది."

అయితదన్న మాట ఆమెకు నచ్చలేదు. "అడిగి చెప్త" అని రుమాలు చుట్టుకుని లేచింది. మునగాల దాటేసరికి ఏం చెప్పాలో కుదిరిపోయింది: 'కాదన్నడయ్యా. లోపలంత పొడి అయిందట.' పెదవులు కదలకుండా ఆ మాటను మళ్ళీ మళ్ళీ అనుకుంది. ప్రతిసారీ అది ఇంకొంచెం నిజమయ్యింది. రోడ్డు పక్క వరిమళ్ళు పచ్చగా తల ఊపాయి.

పురుడు బాగా జరిగింది. వదిన పెంటమ్మ ఎర్ర అంచు చీర పెట్టింది. దుర్గమ్మ దాన్ని ఒళ్ళో పరిచి, బిళ్ళకు తాకించి, పసుపు కుంకుమ పెట్టి, పెదవుల్లోనే ఆ మాట అనుకుంది.

పెంటమ్మ ఉయ్యాల ఊపుతూ నవ్వింది. "మీ సవతికి అంచు నచ్చిందో లేదో అడుగు. నచ్చకపోతే షావుకారు మార్చిస్తాడు."

"ఊకో, వదినా."

"ఏది కొత్తదొచ్చినా ఆవిడకే ముందు. రేపు మీ ఆయనకి కొత్త గడియారం వస్తే అదీ అంతేనా?"

"అంతే గదా మరి," అంది దుర్గమ్మ, అలవాటుగా.

అని ఆగిపోయింది. చీర మీది చేయి అక్కడే ఉండిపోయింది.

హైదరాబాదు నుంచి నిగనిగలాడుతూ కొత్త గడియారం వస్తుంది. తనే దాన్ని రెండు చేతులా పట్టుకుని బిళ్ళకు తాకించాలి. ముందు నీది అని తన నోటితోనే అనాలి. కడియాలు అమ్మి తెచ్చిన పాతదైతే సాలమ్మ తనే కొన్నది. దీన్ని మాత్రం దుర్గమ్మే స్వయంగా అప్పగించినట్టవుతుంది. ఇక కొమురయ్య చచ్చేదాకా, కొత్తదానికి చావి తిప్పినా ఆ వెలుతురు సాలమ్మకే పోతుంది.

బాగుచేయించిన చేటను మాత్రం ఎవరూ బిళ్ళకు చూపరు.

అన్న ఇంకో రెండు రోజులు ఉండమన్నాడు. ఆమె వినలేదు. పొద్దున బస్సుకే సూర్యాపేటలో దిగి, ఖాజా మియా మెట్టు ఎక్కబోయి, ఒక్క క్షణం ఆగింది. సాలమ్మ కూర్చున్న మెట్టు అదే. పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"చెయ్యి. నా కండ్ల ముందటనే చెయ్యి."

అతను ఇరుసు మార్చాడు, ముల్లు సరిచేశాడు, కొత్త అద్దం వేశాడు. విప్పిన గడియారంలో ఒక చిన్న చక్రం అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. పిట్టపిల్లను అరచేతిలో పట్టుకున్నప్పుడు గుండె కొట్టుకుంటుందే, అలా. చాలా అందంగా ఉంది. అందంగా ఉన్నందుకు దుర్గమ్మకు మళ్ళీ మండింది.

"ఆ చావి గుండీ గూడ మార్చు."

"గుండీకేమైంది?"

"సొట్టబోయింది."

"నాకు కనబడ్తలేదు. కంటికి అద్దం పెట్టుకున్నోన్ని నేను."

"నాకు కనబడ్తంది."

ఖాజా మియా గడ్డం నిమురుకున్నాడు. గుండీ మార్చాడు. పాతది ఇవ్వబోతే ఆమె చేయి చాపలేదు.

"ఇప్పుడిది కొత్తదా, పాతదా?" అని అడిగింది.

"పాతదే, బిడ్డా. బాగ చేసిన పాతది."

ఆ మాట కోసమే అడిగింది. అన్న చేతిలో పెట్టిన డబ్బులు ఇచ్చి, మిర్యాలగూడ బస్సెక్కింది.

మర్నాడు పొద్దున కొమురయ్య గడప మీద కూర్చున్నాడు. వేళ్ళు గుండీ మీదికి పోకముందే దుర్గమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఇయ్యాల నేనిస్త చావి."

"నీకు రాదు."

"నేర్పియ్యి."

అతను గడియారం ఆమె అరచేతిలో పెట్టి, ఆమె రెండు వేళ్ళను గుండీ మీద ఉంచాడు. "మెల్లగ. ఎదురు తిరిగినట్టు తెలుస్తది, ఆడ ఆపాలె." ఆమె తిప్పింది. లోపల ఏదో చుట్టుకుంటూ బిగుసుకుంటూ ఆమె వేళ్ళలోకి వచ్చింది.

"ఆమె తిప్పేదా?" అంది, తలెత్తకుండా.

"ఎవరు, సాలమ్మనా? ముట్టకపోయేది. తెగుతదని భయం. గీ మూలకు నిలబడి సూసేది."

దుర్గమ్మ గుండెలో ఒక తలుపు తెరుచుకుంది. అతని వైపు చూసింది. కొమురయ్య ముఖంలో వెలుతురు ఉంది. అది తన వేళ్ళను చూసి వచ్చిందో, మూలన భయంగా నిలబడ్డ ఆమెను తలచుకుని వచ్చిందో తెలియలేదు.

"సాలు," అన్నాడతను. "ఇగ ఆపు."

ఆపింది. గడియారం మాత్రం తిరిగి ఇవ్వలేదు. అతని చేయి లాగి, మణికట్టుకు పట్టీ తనే బిగించింది, మామూలు కంటే ఒక కన్నం దగ్గరగా.

"రేపు గూడ నేనే," అంది.